సిగరెట్టుకు కట్టిన డెమరేజీ: నా అనుభవం

నేను ఉద్యోగంలో చేరింది టాలీ గుమాస్తాగా. ఓడ పక్కన ఎండలో నిలబడి, స్లింగుకి, అంటే క్రేను ఒక విడతకి దించే మోపుకి, ఎన్ని బస్తాలు దిగాయో చూసి నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. ఐదుకో కట్ట. ఇప్పుడు ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు దగ్గర కాగితాల పని చూస్తున్నాను. షిప్పింగ్ బిల్లులన్నీ కంప్యూటర్లోకి వెళ్లిపోయాయి. చొక్కా జేబులో చిన్న పుస్తకం పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. 2023 ఫిబ్రవరిలో ఆ పుస్తకంలో ఒక కొత్త పద్దు తెరిచాను. ఎడమ గడిలో సిగరెట్లు, కుడి గడిలో మనసు ఎలా ఉందో పదికి ఎన్ని మార్కులో. ఆ కుడి గడి నా బుర్రలో పుట్టింది కాదు. విశాఖపట్నం మహారాణిపేటలో నేను చూపించుకున్న మనసు డాక్టరుగారు రాయమన్నారు. అక్కడికి ఎలా చేరానో చెప్పాలంటే ముందు మా నాయనమ్మ దగ్గరికి వెళ్లాలి.

మాది భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లె. నాయనమ్మది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేది. గాలికి ఆరదు, బూడిద మీద పడదు, రెండు చేతులూ పనిలో ఉంటాయి. వల అల్లుతూ, చేపలు ఎండేస్తూ గంటసేపు ఒకే చుట్ట నడిపేది. చిన్నప్పుడు ఆవిడ నోరు తెరిపించి చూసేవాణ్ణి. అంగిలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. 'కాలదేటి నాయనమ్మా' అంటే, 'కాలదురా, మనసు కుదురుకుంటాది' అనేది. అప్పటి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు పరీక్షించిన ఒక అధ్యయనం 1971లో అచ్చయిందని ఈమధ్యే చదివాను. అడ్డపొగ తాగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువట. వాళ్ల అంగిళ్ల మీద మచ్చల గురించీ కేన్సర్ గురించీ అందులో రాశారు. మా నాయనమ్మ అంగిట్లో పుండుతోనే పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో పోయింది. మనసు కుదురుకోవడం అన్న మాట మాత్రం నాకు మిగిలింది.

తన తల్లి అలా పోవడం చూసిన మా నాన్న బీడీ ముక్క కూడా ముట్టలేదు. పొగ వాసనొస్తే లేచి వెళ్లిపోయేవాడు. నేను డిగ్రీలో ఉండగా 1999లో మొదలెట్టి, ఆయనకు తెలియకుండా 22 ఏళ్లు తాగాను. జామాకు నమిలేవాణ్ణి, యాలక్కాయ కొరికేవాణ్ణి, కంచరపాలెం మెట్టు దగ్గర బండాపి చొక్కా గుండీలు విప్పి గాలికి ఆరబెట్టుకునేవాణ్ణి. ఆయనకు తెలుసనే ఇప్పుడనుకుంటాను. తెలిసీ నాకా మర్యాద ఉంచాడు. దానివల్ల ఒక లాభముండేది. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ సిగరెట్టు లేదు. రోజుకి ఏడో ఎనిమిదో దాటేవి కావు.

2021 మే నెలలో కోవిడ్ రెండో విడతలో నాన్న పోయారు. చివరి చూపు ప్లాస్టిక్ కవరు మీద నుంచే. దహనానికి ముగ్గురం వెళ్లాం. నేను ఏడవలేదు. కాగితాల పని నాది కదా, ఆరోజు కూడా కాగితాల పనే చేశాను. మరణ ధ్రువపత్రం, పెన్షను, బ్యాంకు అన్నీ వరసగా ముగించాను. మా చిన్నాన్న 'నువ్వు గట్టోడివిరా' అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

దాచుకోవలసిన మనిషి పోయాక సిగరెట్టుకు అడ్డేముంది? పళ్లు తోముకోకముందే బాల్కనీలో ఒకటి, కంటైనరు కటాఫ్, అంటే ఓడకి అప్పగించే గడువు, దగ్గర పడితే వరసగా మూడు. ఆరు నెలల్లో 18, 20కి వెళ్లింది. రోజుకి 300 రూపాయల పైమాటే. లెక్కరాసే మనిషిని, ఆ లెక్క మాత్రం రాయలేదు.

మిగతావి ఎప్పుడు మొదలయ్యాయో తేదీ చెప్పలేను. తెల్లారగట్ల నాలుగింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేసేది. ఆదివారం బీచ్‌కి వెళ్తే, నాకు ప్రాణమైన మురీ మిక్స్చరు నోట్లో రంపపు పొట్టులా ఉండేది. పాప పదో తరగతి మార్కులు చెప్పడానికి పరిగెత్తుకొస్తే 'సరే' అన్నాను. ఆ ఒక్క 'సరే'కి అది ఎలా నిలబడిపోయిందో ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఏడుపు లేదు, బాధ కూడా లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, లోపలంతా అలా ఉండేది. ఆ తిమ్మిరి కాసేపైనా వదిలేది సిగరెట్టు వెలిగించినప్పుడే. కాబట్టి నాకు తెలిసిన వైద్యం అదే.

గుండె పట్టేసినట్టుందని ఒక ఆసుపత్రికి వెళ్లాను. ఈసీజీ తీశారు, ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, రక్తం తీసుకున్నారు. అన్నీ నార్మల్. 'సిగరెట్టు మానేయండి, మనసు గట్టి చేసుకోండి' అని ఒక గీత గీసి పంపేశారు. నిద్ర పడుతోందా అని ఒక్కరడగలేదు. ఆరువేల బిల్లుకి ఆ ఒక్క ప్రశ్న కూడా చేర్చి ఉంటే నాకు ఏడాదిన్నర కలిసొచ్చేది.

సరే, మానేద్దామనే అనుకున్నాను. 2022 జనవరి 1న మొదటిసారి. మూడో రోజుకి అద్దంలో మొహం చూసుకోలేనంత చిరాకు. ఐదో రోజు ఆఫీసులో కుర్రాడి మీద అరిచి బాత్‌రూంలో కూర్చున్నాను, అరగంట. ఎనిమిదో రోజు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాను, తినలేదు. తొమ్మిదో రోజు రాత్రి మా ఆవిడ చెప్పులేసుకుని కిందకెళ్లింది. కిళ్లీ బడ్డీ నుంచి ఒక కింగ్స్ తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. పెళ్లయ్యాక ఆవిడ చేతిలో సిగరెట్టు చూడడం అదే మొదలు. 'తాగండి. మీరు తాగినా ఫర్వాలేదు గానీ ఇలా మాత్రం ఉండకండి' అంది. తాగాను. పది నిమిషాల్లో మనిషినయ్యాను. పాపతో మాట్లాడాను కూడా. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఒక నిర్ణయానికొచ్చేశాం: వీడికి సిగరెట్టు జబ్బు కాదు, మందు.

దసరాకి మళ్లీ ప్రయత్నించాను. పన్నెండు రోజులు. మా అమ్మ వచ్చి చూసి, 'సిగరెట్టు ఒగ్గేసినోడు ఇలాగుంటాడేటిరా? నీకు ఇంకేటో ఉంది' అంది. ఎవరం పట్టించుకోలేదు. డాక్టర్ల కంటే ముందు రోగం చెప్పింది ఆవిడే.

ఆ తర్వాత జరిగింది చిన్న సంగతి. మా కిళ్లీ బడ్డీ మావయ్య తన కూతురి పెళ్లికి నాలుగు రోజులు షట్టరు దించేశాడు. దాంతో నేను పెట్టె కొన్నాను. నేనెప్పుడూ లూజు బాపతే. డబ్బాలోంచి ఒకటి తీసి చేతికిస్తాడు, తాడుకి వేలాడే లైటరుతో అక్కడే వెలిగించుకుంటాం. 2016 నుంచీ మన దేశంలో పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి, 2018 నుంచి దాని మీద పొగ మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు కూడా వేస్తున్నారు. లూజు కొనేవాడికి ఆ బొమ్మా కనబడదు, నంబరూ కనబడదు. ఇదొక్కటి ఆలోచించండి, మన కిళ్లీ బడ్డీల్లో లూజు కొనేవాళ్లు ఎంతమందో. ఆ నంబరు 1800-11-2356. నాలుగు రోజులు ఆ పెట్టె జేబులో తిరిగింది, ఐదో రోజు ఫోన్ చేశాను.

తెలుగులోనే మాట్లాడారు. నేను తిడతారేమో, ఊపిరితిత్తుల గురించి పాఠం చెబుతారేమో అనుకున్నాను. రోజుకెన్ని, లేచిన ఎంతసేపటికి మొదటిది, ఇంతకుముందు మానినప్పుడు ఏమైంది అని నింపాదిగా అడిగారు. నేను నా తొమ్మిది రోజుల కథ, పన్నెండు రోజుల కథ చెప్పాను. అవతలి ఆవిడ కాసేపాగి, 'సార్, మానేసినప్పుడు దిగులుగా ఉందంటున్నారు. తాగుతున్న రోజుల్లో ఎలా ఉంటోంది?' అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఫోను పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. తాగుతున్న రోజుల్లో బాగున్నానా? మురీ మిక్స్చరు రంపపు పొట్టైంది తాగుతున్న రోజుల్లోనే కదా. పాపకి 'సరే' అన్నది వేళ్ల మధ్య సిగరెట్టుండగానే కదా.

మానసిక వైద్యుణ్ణి ఒకసారి కలవమంది. ఆ మాటతో మళ్లీ పదిహేను రోజులు పోయాయి. మా ఊళ్లో మనసు బాగోలేదని ఎవరితోనైనా అంటే వచ్చే జవాబు ఒకటే: 'చినవాల్తేరు పంపించమంటావేటి?' అక్కడ 1871 నాటి మానసిక ఆసుపత్రి ఉంది. నూట యాభై ఏళ్లుగా వైద్యం చేస్తున్న చోటుని మనం తిట్టుగా వాడుకుంటున్నాం. నేనూ వాడినవాణ్ణే. అందుకే నాకు తగిన శాస్తి జరిగింది. మహారాణిపేట క్లినిక్కు ముందు, అదేదో సారా దుకాణమైనట్టు, బండి పక్క సందులో పెట్టి హెల్మెట్టుతోనే లోపలికి వెళ్లాను.

డాక్టరుగారు రెండు కాగితాలిచ్చారు. మొదటిది ఫాగర్‌స్ట్రోమ్ అనే ఆరు ప్రశ్నల కొలత, నికోటిన్ ఎంత పట్టుకుందో చెప్పేది. పదికి ఏడు వచ్చింది. లేచిన ఐదు నిమిషాల్లో వెలిగించేవాడికి ఆ ఒక్కదానికే మూడు మార్కులు. రెండోది పీహెచ్‌క్యూ-9, డిప్రెషన్ ఎంతుందో కొలిచేది. గత రెండు వారాల్లో ఎలా ఉందని తొమ్మిది ప్రశ్నలు. అస్సలు లేదంటే సున్నా, దాదాపు రోజూ ఉంటే మూడు. మొత్తం 27. నిద్ర మూడు, ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం మూడు, అలసట మూడు. కస్టమ్స్ ఫారంలా టకటకా నింపుతూ తొమ్మిదో దగ్గర ఆగిపోయాను. చనిపోతే బాగుండును అనిపించిందా అన్న ప్రశ్న అది. ఏదో చేసుకుందామని ఎప్పుడూ లేదు. రేపు మెలకువ రాకపోతే బాగుండును అని మాత్రం కొన్నిసార్లు అనిపించేది. 'కొన్ని రోజులు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఎవరికీ చెప్పని మాట, ఒక గీతతో బయటపడింది. మొత్తం 17. పదికి చేరితే ఆలోచించాలట, పదిహేనుకి చేరితే ఇంకా గట్టిగా. ఆయన కంగారు పడలేదు, ఆ తొమ్మిదోదాని గురించి నెమ్మదిగా, సూటిగా నాలుగు ప్రశ్నలడిగారు. ఎవరైనా అంత మామూలుగా అడగొచ్చని నాకు తెలియదు.

నా సిద్ధాంతం ఆయనకు చెప్పాను, సిగరెట్టే నా మందని. ఆయన కాదనలేదు. 'పది రోజులు మీ లెక్కే మీరు రాయండి. వెలిగించే ముందు మనసుకి పదికి ఎన్ని, ఆర్పాక ఎన్ని, గంట తర్వాత ఎన్ని' అన్నారు.

ఇది నా పని. శ్రద్ధగా రాశాను. ఇప్పటికీ ఆ పేజీలున్నాయి, ఒకదాని మీద టీ మరక కూడా. వెలిగించే ముందు 3. ఆర్పాక 6. గంటకి మళ్లీ 3. మళ్లీ ఒకటి, 6. మళ్లీ 3. పొద్దున్నుంచి రాత్రిదాకా అదే వరస, పది రోజులూ అదే. ఏ ఒక్కరోజూ సాయంత్రానికి 7 లేదు. ఆరో రోజు కాబోలు, యార్డులో ఒక రీఫర్ కంటైనరు, అంటే సరుకుని చల్లగా ఉంచే పెట్టె, మీద గొడవ నడుస్తోంది. కాగితం తేడా వచ్చి సరుకు కదలడం లేదు, ఉచితంగా ఉంచుకునే రోజులు అయిపోయాయి, సరుకు పార్టీ డెమరేజీ, అంటే ఆలస్యానికి రోజువారీ రుసుము, కడుతున్నాడు. 'ఇవాళ కూడా కట్టేశాను సార్' అని తృప్తిగా చెబుతున్నాడు ఫోన్లో. కట్టావు సరే, కంటైనరు కదిలిందా అనబోయి ఆగిపోయాను. నా జేబులో పుస్తకంలో ఉన్నదీ అదే. నేను రోజుకి ఇరవైసార్లు డెమరేజీ కడుతున్నాను, సరుకు మాత్రం 2021 మే నుంచి అక్కడే ఉంది.

డాక్టరుగారు రెండోసారి విడమరిచారు. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకి చేరి డోపమీన్ అనే హాయినిచ్చే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. రక్తంలో అది సగానికి సగం తగ్గిపోవడానికి పట్టేది దాదాపు రెండు గంటలే. దానికి అలవాటుపడ్డ మెదడు లేనప్పుడు గోల పెడుతుంది. చిరాకు, దిగులు, నిద్ర లేకపోవడం, ధ్యాస కుదరకపోవడం వస్తాయి. ఇవన్నీ చూడ్డానికి డిప్రెషన్‌లానే ఉంటాయి. ఒకటి వెలిగిస్తే పోతాయి. దాంతో దిగులే పోయిందనుకుంటాం. పోయింది సిగరెట్టు తెచ్చిన దిగులు, అసలుది కాదు.

అయితే మా నాయనమ్మ మాట ఒట్టిది కాదని కూడా ఆయనే చెప్పారు, అందుకే నాకాయన మీద గురి కుదిరింది. మెదడులో ఎంఏఓ అని ఒక ఎంజైము ఉంది, డోపమీన్ లాంటివాటిని విరగ్గొడుతుంది. పాతకాలం డిప్రెషన్ మందులు కొన్ని పనిచేసేది దాన్ని అడ్డుకునే. 1996లో అమెరికాలో బ్రూక్‌హేవెన్ అనే ప్రయోగశాలలో పొగ తాగేవాళ్ల మెదళ్లు స్కాన్ చేస్తే, ఆ ఎంజైములో ఒక రకం దాదాపు 40 శాతం తక్కువగా కనబడింది. దాన్ని తగ్గించేది నికోటిన్ కాదు, పొగలోని మరేవో పదార్థాలు. 'అంటే మీరు ఇన్నాళ్లూ ఒక నాసిరకం డిప్రెషన్ మందు వాడుతున్నారు, రోజుకి ఇరవైసార్లు, నిప్పు పెట్టుకుని' అన్నారు. నవ్వొచ్చింది. చాలారోజుల తర్వాత.

నాకు రాసింది బుప్రోపియాన్. దీని కథ తమాషాగా ఉంటుంది. 1985లో అమెరికాలో డిప్రెషన్ మందుగా అనుమతి వచ్చింది. కాలిఫోర్నియాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో దాన్ని వాడుతున్నవాళ్లు కొందరు, సిగరెట్టు మీద యావ తగ్గిపోయిందని వాళ్లంతట వాళ్లే చెప్పడం ఒక డాక్టరమ్మ గమనించింది. అక్కణ్ణుంచి పరిశోధనలు జరిగి 1997లో పొగ మాన్పించే మందుగానూ అనుమతి వచ్చింది. నా రెండు కాగితాలకీ ఒకే చీటీ. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, తలకి దెబ్బ తగిలిందా, మద్యం అలవాటుందా అని మూడుసార్లు అడిగాకే రాశారు. ఫిట్స్ వచ్చేవాళ్లకి ఇది ఇవ్వకూడదు. కాబట్టి ఇది చదివి మెడికల్ షాపుకి పరిగెత్తకండి.

మా ఆవిడ ఇంటర్నెట్లో చూసి భయపడింది. ఇలాంటి మందులు ఆత్మహత్య ఆలోచనలు తెప్పిస్తాయని ఎక్కడో చదివింది. తర్వాతిసారి తానూ వచ్చి అడిగేసింది. నాది కూడా కలిపి పొగ మాన్పించే రెండు మందుల మీద 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అలాంటి హెచ్చరిక పెట్టించిన మాట నిజమేనని డాక్టరుగారు చెప్పారు. తర్వాత 8 వేల మందికి పైగా జనం మీద, అందులో సగం మంది మానసిక జబ్బులున్నవాళ్ల మీదే, ఒక పెద్ద పరీక్ష జరిగింది. 2016లో ఫలితాలొచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే అలాంటి ఇబ్బందులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఆ ఏడాది డిసెంబరులో ఆ హెచ్చరిక తీసేశారు. 'అయినా మీరు ఆయన్ని గమనిస్తూనే ఉండండి, తేడా అనిపిస్తే నాకు ఫోన్ చేయండి' అన్నారు. ఆ రెండో మాటకే మా ఆవిడ స్థిమితపడింది.

మార్చి 2న మాత్ర మొదలు. మూడు రోజులు పొద్దున ఒకటి, తర్వాత రోజుకి రెండు, మధ్యలో ఎనిమిది గంటల తేడాతో. మానేసే రోజు మార్చి 12, ఆదివారం. ఈ మందు పద్ధతే అంత, తాగుతూనే మొదలుపెట్టాలి. ఎనిమిదో రోజుకి సిగరెట్టు సగంలో పారేయడం మొదలైంది. రుచి చెడిపోలేదు, అవసరం తగ్గింది. నోరు మాత్రం ఎండిపోయేది, ఎంత నీళ్లు తాగినా అంతే.

నికోటిన్ గమ్ము కూడా ఇచ్చారు, నాలుగు మిల్లీగ్రాములది. దాన్నెలా నమలాలో చెప్పారు, నేను విన్నట్టే ఉన్నాను. మార్చి 13, సోమవారం, కస్టమ్స్ ఆఫీసరు గదిలో ఒక సవరణ కోసం నిలబడి దాన్ని బబుల్‌గమ్ములా టపటపా నమిలేశాను. గొంతు మండి, ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఆఫీసరు సంతకం పెడుతూ ఆగి, నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. ఎక్కిళ్ల మధ్యే 'గమ్ము సార్, సిగరెట్టు మానేశాను' అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, 'నాకూ చెప్పండి' అన్నాడు. అదీ మొదటి రోజు. గమ్ముని నెమ్మదిగా నాలుగు నములు నమిలి, మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టేసుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ. నమలడానికి ముందు పావుగంట టీ, కాఫీ ఉండకూడదు.

టీ సంగతి విడిగా చెప్పాలి. నాలుగో రోజు నుంచి గుండె దడ, చేతులు వణుకు. మందే అనుకున్నాను. 'రోజుకెన్ని టీలు?' అన్నారు డాక్టరుగారు. ఎనిమిది. పొగలోని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ని కరిగించే ఎంజైముని రెచ్చగొడతాయి. పొగ ఆగితే ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. అవే ఎనిమిది టీలు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. సగం చేయమన్నారు. చేశాక రెండు రోజుల్లో వణుకు పోయింది. ఇంతకుముందు రెండుసార్లు మానినప్పుడూ ఈ దడకే సగం భయపడ్డానని అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని మానసిక జబ్బుల మందుల మోతాదు కూడా ఇలాగే మారుతుందట, అందుకే అవి వాడేవాళ్లు పొగ మానేముందు డాక్టరుకి చెప్పి తీరాలి.

తొమ్మిదో రోజు, అదే తొమ్మిదో రోజు, రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాను. మా ఆవిణ్ణి లేపబుద్ధి కాలేదు. 14416కి చేశాను, టెలీ మానస్. 2022 అక్టోబరులో కేంద్రం మొదలెట్టిన సేవ, రోజంతా పనిచేస్తుంది. అవతలి గొంతు ఎవరిదో తెలియదు. ఏం చెప్పానో సగం గుర్తులేదు, నాన్న చొక్కాల గురించి మాట్లాడాననుకుంటాను. ఆయన చొక్కాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయని. నలభై నిమిషాలు. పెట్టేసేటప్పటికి సిగరెట్టు గుర్తులేదు.

నాలుగో వారం దాకా ఓపిక పట్టమన్నారు. పొగ మానిన చిరాకు మొదటి మూడు రోజుల్లో ముదిరి, మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. ఆ తర్వాతా మిగిలి ఉన్న దిగులు అసలు దిగులు. నాకు సరిగ్గా అలాగే విడిపోయింది. నాలుగో వారానికి చిరాకు పోయింది, ధ్యాస కుదిరింది, పీహెచ్‌క్యూ 13. నాలుగింటి మెలకువ మాత్రం అలాగే ఉంది. అంటే నా దగ్గర రెండు సరుకులున్నాయి, ఇన్నాళ్లూ ఒకే బిల్లు మీద నడిపించేశాను. మందు కొనసాగింది. వారానికోసారి కౌన్సెలింగు కలిసింది. ఎనిమిదో వారానికి 8.

ఆ రోజుల్లోనే కనబడింది, బ్రిటిష్ మెడికల్ జర్నల్లో 2014లో వచ్చిన ఒక వ్యాసం. 26 అధ్యయనాలు కలిపి చూశారు. పొగ మానేసినవాళ్లకి దిగులు, ఆందోళన, ఒత్తిడి తగ్గాయి. ఆ తగ్గుదల డిప్రెషన్ మందులు తెచ్చే తగ్గుదలకి తీసిపోలేదు. మానసిక జబ్బు ఉన్నవాళ్లలోనూ అంతే. దిగులున్నవాళ్లు ఎక్కువ తాగుతారు, తాగేవాళ్లకి దిగులు ఎక్కువ వస్తుంది, రెండు వైపులా దారి ఉంది. మరి మన దగ్గర ఈ రెండింటికీ రెండు వేర్వేరు గుమ్మాలెందుకు? ఛాతీ డాక్టరు సిగరెట్టు గురించి అడుగుతాడు, నిద్ర గురించి అడగడు. మనసు డాక్టర్లలోనూ అందరూ సిగరెట్టు దాకా రారట, 'పాపం, ఉన్న ఒక్క ఆధారం ఎందుకు లాగేయడం' అని. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్ల ప్రాణం తీసేవాటిలో గుండెజబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు ముందుంటాయి. ఆధారం అనుకుని వదిలేసింది ఏం చేస్తోందో చూడండి. నా అదృష్టం కొద్దీ నాకు దొరికినాయన రెండు కాగితాలూ ఒకేసారి ఇచ్చాడు.

ఒకసారి జారాను. మే నెలలో నాన్న సంవత్సరీకం రోజు రాత్రి. రెండు తాగాను, డాబా మీద. పుస్తకంలో రాశాను కూడా, రెండు నిలువు గీతలు. డాక్టరుగారు చూసి, 'ఇరవై కాదుగా' అని పేజీ తిప్పేశారు.

జూలైలో ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరిప్రదక్షిణకి వెళ్లాను. 32 కిలోమీటర్లు. నాన్న ఏటా చేసేవాడు, ఆయనతో ఒక్కసారి వెళ్లి హనుమంతవాక దగ్గరే ఆయాసంతో ఆటో ఎక్కేసినవాణ్ణి నేను. ఈసారి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనంలో పడ్డాను. హనుమంతవాక దాటింది, అప్పూఘర్ దగ్గర సముద్రపు గాలి తగిలింది, ఇసుకతోట వచ్చింది. మాధవధార వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది, కాళ్లు బొబ్బలు. రోడ్డు పక్క కుర్రాళ్లు మజ్జిగ గ్లాసులిస్తున్నారు. ఒక పెద్దాయన రెండు గ్లాసులు తీసుకుని, ఒకటి పక్కనున్న కొడుక్కిచ్చి 'నెమ్మదిగా తాగరా, గొంతు పట్టేస్తాది' అన్నాడు. అంతే. అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చాను. రెండేళ్ల రెండు నెలల తర్వాత. ఎవరూ ఏమీ అనలేదు, భక్తి అనుకున్నారేమో. మజ్జిగ పుల్లగా ఉంది. పుల్లగా ఉందని తెలిసింది.

సెప్టెంబరులో పీహెచ్‌క్యూ 4. బాగయ్యాక కూడా ఆరు నెలల పైన మందు వాడమన్నారు, వాడాను, నెమ్మదిగా తగ్గించి ఆపారు. ఆ తర్వాత దిగులు రాలేదని కాదు. వచ్చినప్పుడు పుస్తకం తీస్తాను.

బడ్డీ మావయ్య చాన్నాళ్లు అలవాటు కొద్దీ నన్ను చూడగానే డబ్బాలో చెయ్యి పెట్టేవాడు. ఇప్పుడు జీడి ఉండ తీస్తున్నాడు. మొన్నామధ్య అక్కడే మా యార్డు కుర్రాడు కనబడ్డాడు, కొత్తగా చేరిన టాలీ గుమాస్తా. ఒకటి పూర్తవకముందే దాని నిప్పుతో రెండోది అంటిస్తున్నాడు. నేను కనబడగానే వెనక్కి దాచుకోబోయాడు. దాచక్కర్లేదన్నాను. కాసేపు లారీలు చూశాం.

'తెల్లారగట్ల మెలకువ వచ్చేస్తోందా?' అని అడిగాను.

వాడు పొగ వదలడం మర్చిపోయాడు. 'మీకెవరు చెప్పారు సార్?'

రెండు టీలు చెప్పాను. నాది సగమే.